ముందు మూలలో తడి

మార్చి రెండో వారంలో, ఎగ్బర్ట్ బాబాయ్ కొట్టంలో నిలబడి, కారుకి తగిలించుకుని వెళ్ళే చిన్న ఇల్లులాంటి మా కారవాన్ ముందు మూల మీద బొటనవేలితో నొక్కాను. గట్టిగా ఉండాల్సిన గోడలోకి వేలు దిగింది, నానిన రొట్టెలో దిగినట్టు.

"ఏమైంది?" అన్నాడు నాన్న వెనక నుంచి.

"ఏం లేదు" అన్నాను ముందు. తర్వాత సంచిలోంచి తేమ మీటరు తీశాను.

నా ఉద్యోగమే అది. పాత ఇళ్ళకు వెళ్ళి, గోడలకు ఆ మీటరు ముళ్ళు రెండూ గుచ్చి, వచ్చిన అంకె రాసుకుని, కింద సంతకం పెట్టడం. పదిహేను లోపు ఉంటే చెక్క పొడిగా ఉన్నట్టు. ఇరవై దాటితే అనుమానించాలి. మా మూల ముప్పై నాలుగు చూపించింది.

నాన్న కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని వంగి చూశాడు. "నీ మీటరు చెడిపోయిందేమో చూసుకో."

"బాగానే ఉంది నాన్నా."

"సెప్టెంబరులో నేనే కడిగి, తుడిచి, ఆరబెట్టి పెట్టాను. లోపల చుక్క నీళ్ళు లేవు."

"ఇది నిరుటి తడి కాదు. ఏళ్ళ నాటిది."

ఆయన తనూ ఒకసారి బొటనవేలు పెట్టి నొక్కి చూశాడు. ఆ వేలినే కాసేపు చూసుకుని, ప్యాంటుకి తుడుచుకున్నాడు.

ఆ కొట్టాన్ని ఇప్పటికీ దుంపల కొట్టమనే అంటారు గాని, బంగాళాదుంపలు పోయడం మానేసి పదేళ్ళయింది. చలికాలమంతా అందులో మా ఊళ్ళో వాళ్ళ కారవాన్లు ముప్పై దాకా ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడతాయి. వసంతంలో ముందు బయల్దేరేవాళ్ళ బండి తలుపు దగ్గర, ఆలస్యంగా వెళ్ళేవాళ్ళది లోపల. అందుకని అక్టోబరులోనే నాన్న స్నేహితుడు, కొట్టం యజమాని ఎగ్బర్ట్ బాబాయ్ ఒక్కొక్కళ్ళనీ తేదీ అడిగి, సుద్దముక్కతో నేల మీద వరసలు గీస్తాడు. ఆ అక్టోబరులో మా నాన్న తేదీ చెప్పలేకపోయాడు. అమ్మకి అప్పుడే స్కానింగు అయింది. "చూద్దాంరా" అన్నాడట. చూద్దాం అన్నవాళ్ళ బండి అన్నిటికన్నా వెనక్కి పోవాలి. అది పద్ధతి. కానీ మేం వెళ్ళేసరికి మాది ముందు వరసలో, తలుపు పక్కనే ఉంది.

"ఇదేంటి బాబాయ్, మాది ఇక్కడుంది?" అన్నాను.

"దుంపల యంత్రం తిప్పడానికి అడ్డమొచ్చిందమ్మాయ్. ఇటు లాగాను" అన్నాడు ఆయన, నా వైపు చూడకుండా.

ఆ కొట్టంలో యంత్రం కూడా లేదు, పదేళ్ళుగా.

*

అమ్మ మంచం అప్పటికే ముందు గదిలోకి, వీధి కిటికీ పక్కకి వచ్చేసింది. డాక్టరు "వేసవి దాకా" అన్నాడు. వేసవి మొదలో చివరో చెప్పలేదు. అమ్మ అడగలేదు కూడా. ఆమె అడిగింది ఒక్కటే. మే చివర్లో వచ్చే పెంతెకోస్తు పండగ సెలవులకి, పక్క ప్రాంతమైన ఫ్రీస్లాండ్‌లో సరస్సు ఒడ్డున మా నలభై ఒకటో నంబరు స్థలానికి వెళ్ళాలి. ఇరవై రెండేళ్ళుగా ప్రతి వేసవీ మా బండి నిలబడేది ఆ గడ్డి మీదే.

"బండి కప్పు మీద వాన చప్పుడు ఒక్కసారి వినాలే" అంది నాతో. "ఈ ఇంటి పెంకుల కింద ఏమీ వినపడదు. ఆస్పత్రిలో అయితే అసలు వాన పడుతోందో లేదో కూడా తెలీదు."

నేను ఆఫీసుకి మూడు నెలలు సెలవు పెట్టి వచ్చాను. మా ఇంట్లో పెద్ద చదువు చదివింది నేనొక్కదాన్నే. నాన్న ముప్పై ఎనిమిదేళ్ళు దుంపపిండి ఫ్యాక్టరీలో పైపులు బిగించాడు. అమ్మ బేకరీలో పనిచేసింది. రొట్టెలు కోసే యంత్రం ఒకసారి ఆమె కుడి చూపుడువేలి కొస తీసుకుపోయింది. మానాక అక్కడ గట్టి చర్మం సన్నగా గట్టులా లేచింది. ఆ మొండి వేలితోనే నన్ను జీవితమంతా బెదిరించింది.

మూల సంగతి నాన్న ఆమెకు చెప్పిన తీరు నాకు బాగా గుర్తుంది. టోపీ చేతిలో పట్టుకుని, గుమ్మంలోనే నిలబడి, "చిన్న పని పడింది, రూలీ" అన్నాడు.

అమ్మ దిండు మీద నుంచి తల తిప్పింది. "నీ చిన్న పని నాకు తెలీదా లామర్ట్? వంటింటి అలమరకి చిన్న పనని మొదలెట్టి, ఏడాదిన్నర నాచేత స్నానాలగదిలో అంట్లు తోమించావు."

"అది వేరు."

"ఏం వేరు? అప్పుడు నాకు తీరికుంది, అదే వేరు." అని నవ్వింది. ఆ మాట నవ్వుతూనే అంది. నాన్న మాత్రం టోపీ మళ్ళీ తల మీద పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

*

మర్నాటి నుంచి ఆయన పొద్దున ఏడింటికల్లా కొట్టంలో ఉండేవాడు. సాయంత్రం ఐదుకి వచ్చేవాడు. పన్నెండున్నరకి, తెచ్చుకున్న రొట్టెముక్కలు డబ్బాలోంచి తీసి తినేవాడు. "మీ నాన్న మళ్ళీ ఫ్యాక్టరీలో చేరాడు" అనేది అమ్మ. నాకు కోపం వచ్చేది. ఆమె పక్కన కూర్చోవాల్సిన మనిషి అక్కడ చెక్కలు కోసుకుంటున్నాడేమిటని. ఆ మాటే అంటే అమ్మ నన్నే కసిరింది. "కూర్చుంటే ఏం చేస్తాడే? నా మొహం చూస్తూ తన మొహం వేలాడేసుకుంటాడు. చేతిలో స్క్రూడ్రైవర్ ఉంటే కాస్త మనిషిలా ఉంటాడు. నువ్వూ వెళ్ళు. ఇక్కడ నర్సు వస్తుందిగా."

అలా మధ్యాహ్నాలు నేనూ వెళ్ళాను. కారవాన్ మూల మీద పై నుంచి కింది దాకా ఒక అల్యూమినియం పట్టీ ఉంటుంది. ముందు గోడ, పక్క గోడ కలిసే కీలు అది. దాని నడుమ గాడిలో వరసగా స్క్రూలు, వాటి మీద సన్నటి ప్లాస్టిక్ మూత. నాన్న మూత లాగేశాడు. లోపల తెల్లగా, గట్టిగా, స్క్రూల తలలు మునిగిపోయేలా నిండి ఉంది.

"సిలికాన్!" అన్నాడు. "స్నానాలగది పలకల సందుల్లో పూసే సిలికాన్! ఒరేయ్ ఎగ్బర్ట్, ఇలా రా, చూడు!"

ఎగ్బర్ట్ బాబాయ్ వచ్చి చూసి, చర్చిలో నిలబడినట్టు టోపీ తీశాడు. "ఎవడ్రా ఈ గాడిద?"

కారవాన్ ఉన్నవాళ్ళెవరూ చేయకూడని పని అది. పైకి చూస్తే నీళ్ళు ఆగినట్టే ఉంటుంది. నిజానికి పక్క సందుల్లోంచి లోపలికి దిగిన నీటికి బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది. ఇక ఆ నీళ్ళు లోపలి చెక్కని తీరిగ్గా తింటూ కూర్చుంటాయి. పైగా సిలికాన్ ఒకసారి పడ్డ చోట మరే బంకా అంటుకోదు. ఆఖరి పొర దాకా గీకి తీయాల్సిందే.

"ఎవడేంటి? మనకి బండి అమ్మిన ఆ ఆసెన్ ఊరి పంతులే!" అన్నాడు నాన్న. "చదువుకున్నవాడు కదా, చేతికి పని రాదు." ఆ మాటంటూ నా వైపు ఓరగా చూశాడు.

"నేను విన్నాను నాన్నా."

"వినాలనే అన్నాను, ఇంజినీరుగారూ."

పట్టీ ఊడదీసి, రేకు వెనక్కి వంచాం. లోపల చెక్క చట్రం ఉండాల్సిన చోట తడిసిన పొగాకు లాంటిది నల్లగా కింద రాలింది. వాసన కొట్టింది. చేతులు పెట్టి తీస్తుంటే ఇంకా ఇంకా వచ్చింది. సాయంత్రానికి ముందు మూలంతా పక్కటెముకల గూడులా నిలబడింది. దాని సందుల్లోంచి కొట్టం తలుపు, తలుపులోంచి పొలం కనిపించాయి. ఆ మూలనే నా పడక. ఆరేళ్ళప్పటి నుంచి ప్రతి వేసవీ నేను పడుకున్న చోటు అది.

ఆ రోజు నుంచి నాన్న ఇంట్లోనూ ఆ పంతుల్నే తిట్టాడు. సూప్ తాగుతూ తిట్టాడు. అమ్మకి మందులు లెక్కపెట్టి ఇస్తూ తిట్టాడు. "ఇరవై రెండేళ్ళు! వెధవ, నవ్వుతూ తాళాలు చేతిలో పెట్టాడు." అమ్మ చెంచాతో పెరుగు కలుపుకుంటూ వినేది. ఏమీ అనేది కాదు. ఎవరినైనా ఇలా తిడితే మామూలుగా ఆమె ఒకటి అందుకునేదే.

ఏప్రిల్ నడిమికి కొత్త చట్రం నిలబెట్టాడు. దాంతోపాటు ఎవరూ అడగనివి కూడా చేశాడు. గుమ్మం పక్కన అమ్మ పట్టుకోవడానికి పిడి బిగించాడు. ఒక మెట్టు ఉండే చోట రెండు మెట్లు చేశాడు. పడక అరచేయి ఎత్తు పెంచాడు, దిగేటప్పుడు మోకాళ్ళ మీద బరువు పడకుండా. గ్యాసు గొట్టం మార్చాడు. దీపం మీట పడక పక్కకి తెచ్చాడు. ఒక్కొక్కటీ అయినప్పుడల్లా ఇంటికొచ్చి కొలతలతో సహా చెప్పేవాడు. అమ్మ అన్నిటికీ "బాగుంది" అనేది. ఒకసారి మాత్రం, "ఆ పిడి ఎడంపక్క పెట్టావా కుడిపక్కా?" అని అడిగింది. కుడిపక్క అన్నాడు. "మరి దిగేటప్పుడు?" అంది. మర్నాడు వెళ్ళి రెండో పిడి బిగించాడు.

ఆ వారాల్లోనే ఒక మధ్యాహ్నం నేను కాఫీ తీసుకుని వెళ్ళేసరికి ఆయన తిట్టడం లేదు, గీకడం లేదు. ఊడదీసిన పట్టీని ఒళ్ళో పెట్టుకుని, పెట్టె మీద కూర్చున్నాడు. గాడిలో సిలికాన్‌ని ఎవరో తడివేలితో పై నుంచి కిందికి నున్నగా దిద్దారు. ఆ నునుపు పొడుగునా నడిమధ్య సన్నటి గీత ఒకటి, దారం ఒత్తినట్టు. నాన్న తన చూపుడువేలు ఆ గాడిలో పెట్టి, మెల్లగా కిందికి జరుపుతున్నాడు. నన్ను చూసి వేలు తీసేశాడు.

"కాఫీ చల్లారిపోయింది" అన్నాడు, ఇంకా కప్పు అందుకోకుండానే.

ఆ రోజు నుంచి ఆసెన్ పంతులి మాట మళ్ళీ ఎత్తలేదు.

*

ఇప్పుడు నేను చెప్పాల్సింది ఒక గురువారం గురించి.

మే నెల మొదటి గురువారం. అంతకుముందు నాలుగు రోజులుగా అమ్మ బాగుంది. రెండు రస్కులు తింది. చేతికర్ర పట్టుకుని గేటు దాకా నడిచి, పక్కింటావిడ తులిప్ పూలకి వంకలు పెట్టి వచ్చింది. "వెళ్దామంటే ఈ వారం వెళ్ళాలి" అంది నర్సు వెళ్తూ వెళ్తూ, నాతో కాదన్నట్టు గాలిలోకి చూస్తూ.

కొట్టంలో చట్రం తయారుగా ఉంది. రేకు మూయడమే మిగిలింది.

"మూసెయ్యండ్రా బాబూ" అన్నాడు ఎగ్బర్ట్ బాబాయ్. "లేకపోతే మూయకండి. ప్లాస్టిక్ షీటు చుట్టి, టేపు వేసి, నేను ట్రాక్టరుతో లాక్కొచ్చి పడేస్తా. రేడియోలో విన్నాను, ఈ వారం వాన లేదు. వానొస్తే రానీ, ఆమెకి కావలసిందే అది కదా?"

నాన్న సుత్తి పట్టుకుని నా వైపు చూశాడు. తప్పుకోవడానికి కాదు, నిజంగా తెలుసుకుందామనే చూశాడు. అరవై ఏడేళ్ళ మనిషి, బండిలో ప్రతి స్క్రూ తెలిసినవాడు, నా మాట కోసం ఆగాడు.

నేను మీటరు గుచ్చాను. కింద పాత చెక్క మిగిలిన చోట ఇరవై రెండు.

"ఇప్పుడు మూస్తే మళ్ళీ కుళ్ళుతుంది" అన్నాను. "నెలన్నర చేసిన పనంతా వృథా. ఫ్యాన్ పెట్టి ఆరబెడదాం. ఇంకో పది రోజులు. పెంతెకోస్తుకి ఇంకా టైముంది కదా."

"పది రోజులంటావా?" అన్నాడు నాన్న.

"పది రోజులు చాలు."

ఎగ్బర్ట్ బాబాయ్ గడ్డం గోక్కుంటూ తలుపులోంచి ఆకాశం చూశాడు. నాన్న సుత్తిని పనిముట్ల పెట్టెలో దాని చోట పెట్టాడు. "ఇంజినీరు చెప్తోంది కదరా" అన్నాడు. ఎగతాళి లేదు ఆ గొంతులో. గర్వంలాంటిది ఉంది.

ఆరో రోజు అమ్మ లేవలేదు. జ్వరం, కళ్ళు పసుపు. డాక్టరు వచ్చి చూసి, ఇక ప్రయాణం మాట ఎత్తొద్దన్నాడు. పదో రోజు నేను కొట్టానికి వెళ్ళి మీటరు గుచ్చాను. పద్నాలుగు. నా లెక్క తప్పలేదు.

*

పెంతెకోస్తు ముందు శనివారం అమ్మ కళ్ళు తెరిచి, "నన్ను కొట్టానికి తీసుకెళ్ళండి" అంది. నర్సు వద్దంది. "ఏం, అక్కడికెళ్తే చచ్చిపోతానా?" అంది అమ్మ. నర్సు దుప్పటి తెచ్చి ఆమె కాళ్ళ మీద కప్పింది.

చక్రాల కుర్చీ కొట్టం దాకా వెళ్ళింది. అప్పటికి మిగతా కారవాన్లన్నీ సెలవులకి వెళ్ళిపోయాయి. ఖాళీ నేల మీద సుద్ద గీతలు, నడుమ మా బండి ఒక్కటే. నాన్న, ఎగ్బర్ట్ బాబాయ్ అటూ ఇటూ పట్టుకుని రెండు మెట్లూ ఎక్కించారు. ఆమె దారిలో ఆగి కుడివైపు పిడిని పట్టుకుంది. తర్వాత ఎడమవైపుది కూడా పట్టుకుని చూసింది. "ఊఁ" అంది.

నా పడక మీద దిళ్ళు పెట్టి కూర్చోబెట్టాం. ఎదురుగా మూల ఇంకా తెరిచే ఉంది. నాన్నకి మూయబుద్ధి కాలేదు, నాకు మూయమనే మొహం లేదు. కొత్త చెక్కల సందుల్లోంచి కొట్టం పెద్ద తలుపు, అవతల అప్పుడే మొలిచిన దుంప చేను, దాని మీద బోలెడు ఆకాశం. అమ్మ చాలాసేపు అటే చూసింది.

"ఇన్నేళ్ళలో దీనికి ఇంత మంచి కిటికీ లేదు" అంది.

ఎగ్బర్ట్ బాబాయ్ కాఫీ తెచ్చాడు. బిస్కెట్ల డబ్బా మూత తీసి తలా ఒకటి ఇచ్చి, మా ఊళ్ళో అందరూ చేసినట్టే, టక్కున మూత పెట్టేశాడు.

"నాకింకొకటి కావాలి" అంది అమ్మ.

"ఏంటీ?"

"విన్నావుగా. రెండోది."

"రూలీ, మా అమ్మ చచ్చేటప్పుడు ఈ డబ్బా నా చేతిలో పెట్టి, ఒక్కటేరా నాయనా అని చెప్పి పోయింది."

"నేనూ పోయేదాన్నే. తియ్యి మూత."

అందరం నవ్వాం. నాన్న కూడా. ఎగ్బర్ట్ బాబాయ్ మూత తీసి డబ్బా మొత్తం ఆమె ఒళ్ళో పెట్టి, కళ్ళు తుడుచుకోవడానికి అటు తిరిగి నిలబడ్డాడు. అమ్మ రెండు చేతుల్లో రెండు బిస్కెట్లు పట్టుకుని కూర్చుంది. ఒక్కటీ తినలేదు. తినలేదని మేమందరం చూశాం, ఎవరం చూడనట్టు మాట్లాడుకున్నాం.

ఏదో ఒకటి మాట్లాడాలని ఎగ్బర్ట్ బాబాయ్ అన్నాడు. "ఇంతకీ ఒరేయ్, ఆ సిలికాన్ పూసిన గాడిదెవడో తేలిందా?"

అమ్మ కిటికీలాంటి ఆ సందు వైపే చూస్తోంది. ఆమె మొండి వేలు బిస్కెట్ అంచు మీద ఆగిపోయింది.

నాన్న కాఫీ చివరి గుక్క తాగి, కప్పు కింద పెట్టాడు.

"ఎవరైతేనేంలేరా" అన్నాడు. "పని మాత్రం శ్రద్ధగా చేశారు. ఎక్కడా బుడగన్నది లేదు. నేనూ అంత నున్నగా దిద్దలేను."

అమ్మ తల తిప్పి ఆయన్ని చూసింది. ఆయనా చూశాడు.  కాసేపటికి అమ్మ ఒక బిస్కెట్ ఆయన చేతిలో పెట్టింది. ఆయన తిన్నాడు.

ఇంటికొచ్చాక, మంచం మీద సర్దుతుంటే నాతో చెప్పింది. నేను యూనివర్సిటీలో చేరడానికి ముందు వేసవి అట. మా దగ్గర మగవాళ్ళు వారమంతా ఫ్యాక్టరీకి వెళ్ళి, శని ఆదివారాలు సరస్సుకి వచ్చేవాళ్ళు. ఆడవాళ్ళూ పిల్లలం సెలవులన్నీ అక్కడే. ఆ వారం ఎడతెగని వాన. నా పడక మూలలోంచి చుక్కలు పడుతున్నాయి.

"నీ మీద పడితే పడనీ, పిల్ల తుడుచుకుంటుందిలే అనుకున్నా. నీ లెక్కల పుస్తకాల మీద పడుతున్నాయే. లైబ్రరీవి. నువ్వు వాటిని గుడ్డలో చుట్టి కడుపు కింద పెట్టుకుని పడుకున్నావు. నాకు చూడబుద్ధి కాలేదు. మర్నాడు సైకిలేసుకుని ఊళ్ళోకి వెళ్ళి ట్యూబు కొన్నాను. కొట్టువాడిని నీళ్ళు ఆగేదివ్వమన్నా, వాడది ఇచ్చాడు. వానెప్పుడు తగ్గితే అప్పుడు పూశాను. మీ నాన్న వచ్చేసరికి ఆరిపోయింది. చెప్తే మొత్తం ఊడదీసి కూర్చుంటాడు, సెలవులు పాడవుతాయని చెప్పలేదు. ఆ తర్వాత ఇంక చెప్పడానికి మొహం చెల్లలేదు." నా వైపు తిరిగి, "ఆగింది కదా మరి?" అంది.

"ఆగిందమ్మా. పుస్తకాలు తడవలేదు."

నాకు ఆ గురువారం గుర్తొచ్చింది. "అమ్మా, ఆ రోజు నేను పది రోజులు అనకపోతే..."

"నువ్వు చెప్పింది తప్పా?"

"కాదు."

"తడి ఉన్నమాట నిజమేనా?"

"నిజమే."

"మరింకేం?" అంది. నా చెంప మీద మొండి వేలితో ఒకసారి పొడిచింది. "ఎప్పుడూ సరిగ్గానే చెప్తావు నువ్వు. చిన్నప్పటి నుంచీ అంతే."

అంతకన్నా కఠినమైన మాట ఆమె నన్నెప్పుడూ అనలేదు. ప్రేమగానే అంది.

జూన్ పదకొండున, మధ్యాహ్నం, కిటికీ తెరిచి ఉండగా పోయింది. ఎండ కాస్తోంది. ఆ నెలంతా వాన లేదు.

*

సమాధి దగ్గర నుంచి వచ్చిన మర్నాడు పొద్దున ఏడింటికి నాన్న కొట్టానికి వెళ్ళాడు. ఈసారి నాకు కోపం రాలేదు. నేనూ వెళ్ళాను.

రేకు మూసి, మేకులు కొట్టాం. బంక పట్టీని అంచు పొడుగునా అంటించాం. ఇప్పుడు సరైనదే వాడాం. నల్లగా, ఎప్పటికీ మెత్తగా ఉండే రకం. మూల పట్టీని నాన్న అంతకుముందే వారం రోజులు గీకి, స్పిరిటుతో తుడిచి, అద్దంలా చేసి ఉంచాడు. దాన్ని ఎత్తి పట్టుకున్నప్పుడు అలవాటుగా గాడి లోపల వేలితో తడిమాను. పని చేతికి తీసుకునే ముందు ఎక్కడైనా అలాగే చేస్తాను.

కింది చివర, జానెడు పొడుగున, వేలికి నునుపు తగిలింది. నునుపు నడుమ సన్నటి గీత, అమ్మ మొండి వేలిది.

మిగతాదంతా ఆఖరి పొర దాకా గీకినవాడు అక్కడ ఆగిపోయాడు. మరిచిపోయి కాదు. మా నాన్న మరిచిపోయే మనిషి కాదు. దాని మీద ఏ బంకా అంటుకోదని ఆయనకి తెలుసు. సరిగ్గా అక్కడే నీళ్ళు దిగుతాయనీ తెలుసు.

ఆయన స్క్రూలు గుప్పెట్లో పట్టుకుని, నా మొహం చూడకుండా బండి గోడని చూస్తున్నాడు.

"సరిగ్గా కూర్చుందా?" అన్నాడు.

ఐదేళ్ళ ఉద్యోగంలో చూడనిది చూశానని ఎక్కడా రాయలేదు. చూసినదాన్ని చూడలేదనీ రాయలేదు. మీటరు నా జేబులోనే ఉంది.

"కూర్చుంది నాన్నా" అన్నాను. "బిగించు."

ఒక్కొక్క స్క్రూ చేత్తోనే బిగించాడు, మిషను వాడకుండా. పైనుంచి కిందికి పదిహేడు. చివరిది తిప్పేటప్పుడు మాత్రం ఎక్కువ బలం పెట్టలేదు.

*

ఆగస్టు చివర్లో, నేను మళ్ళీ సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు, ఇద్దరం నలభై ఒకటికి వెళ్ళాం. వెళ్ళాలని ఎవరం అనలేదు. ఒక ఉదయం లేచేసరికి ఆయన కారుకి బండి తగిలిస్తున్నాడు. నేను రొట్టెలు సంచిలో వేసుకుని ఎక్కాను. ఎగ్బర్ట్ బాబాయ్ గేటు దాకా వచ్చి, బిస్కెట్ల డబ్బా కిటికీలోంచి నా ఒళ్ళో పడేశాడు. "తిరిగొచ్చేటప్పుడు తేండి. ఖాళీగా తెచ్చినా సరే" అన్నాడు.

చుట్టుపక్కల గుడారాలవాళ్ళు వచ్చి చేతులు కలిపి వెళ్ళారు. ఆమె కుర్చీని నాన్న మడత విప్పి ఎప్పటిచోటే వేశాడు. ఎవరూ కూర్చోలేదు. పక్క స్థలంలోని ఆవిడ ఒక్కర్తీ, దాని చేతి మీద తడి తువ్వాలు ఆరేయబోయి, మళ్ళీ తీసేసుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం సరస్సు నల్లబడింది. బాతులు ఒడ్డెక్కాయి. లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాం. మొదట ఒకటి రెండు చినుకులు రేకు మీద వేలితో తట్టినట్టు. ఆ తర్వాత ఒక్కసారిగా, మాటలు వినపడనంత. నాన్న బల్ల దగ్గర కూర్చుని రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని, కప్పు వైపు చూస్తూ విన్నాడు. నేను నా పడక మీద కాళ్ళు ముడుచుకుని విన్నాను. అరగంట దాకా ఎవరం కదల్లేదు.

అప్పుడు నా దిండు పక్కన, మూలలో, టప్ మని చప్పుడయింది. కాసేపాగి ఇంకొకటి.

నాన్న లేచాడు.  గట్టు మీద బిస్కెట్ల డబ్బా మూత తీసి, తీసుకొచ్చి చుక్క పడే చోట వెల్లకిలా పెట్టాడు. తడికి నా పుస్తకం దగ్గరగా ఉందని, దాన్ని తీసి బల్ల మీద పెట్టాడు.

తర్వాత నా పక్కనే, పడక అంచున కూర్చున్నాడు. చాలాసేపటి దాకా లేవలేదు.